కుశలం ముగిసేదాకా

ఎడారి ఊరు ఇన్ సలాలో కొత్తగా లారీ కొన్నవాడు దాన్ని ముందు బా హమ్మూ ఇంటి ముందుకు తెచ్చి ఆపుతాడు. ఆయన బయటికొచ్చి ముందు టైరు మీద అరచెయ్యి ఆనిస్తాడు. ఇంజను సంగతి అడగడు. ఇంట్లోవాళ్లెలా ఉన్నారని అడుగుతాడు.

పొట్టి మనిషి. సీటు మీద దిండు లేకపోతే స్టీరింగు మీదుగా ఆయనకు రోడ్డు కనబడదు. ఆ దిండు మీదే ఆయన వయసంతా గడిచింది. ఎల్ మెనియా పొలాల్లో బంగాళాదుంపలు ఎత్తించుకుని, ఎడారి దాటి, తమన్‌రస్సెట్ సంతలో దింపి రావడం. మళ్లీ పోవడం. సంతలో ఆడవాళ్లు దుంపను గోటితో గిల్లి చూసి, "బా హమ్మూ తెచ్చినవేనా?" అని అడిగేవాళ్లు. లారీ మీది టార్పాలిన్‌ను ముందువైపు కాస్త ఎత్తి కట్టి, దుంపలకు గాలి తగిలేలా తెచ్చేవాడు ఆయనొక్కడే.

దారి ఎలా వేసుకోవాలని కొత్త డ్రైవర్లు అడిగితే ఆయన ఊళ్ల పేర్లు చెప్పడు.

"ఎండ ముదిరే చోట నీడ ఉండాలి. నిద్ర రాకముందే ఆగాలి. టైరు మీద చెయ్యి నిలవకపోతే బండి దిగి పడుకోవాలి. మిగతాది ఎదురొచ్చేవాడు చెప్తాడు."

మా దారిలో రెండు లారీలు ఎదురుపడితే ఆగుతాయి. రోడ్డు మధ్యలోనే, కిటికీకి కిటికీ ఆనేంత దగ్గరగా. వెనక ఎవరూ హారను కొట్టరు. వాళ్లూ ఆగి టీ కాచుకుంటారు.

నిరుడు వేసవి చివర్లో చక్కెర జబ్బు బా హమ్మూ కళ్ల మీదికి వచ్చింది. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.  తర్వాత చెల్లెలి కొడుకు జెలూల్‌కి కబురు పెట్టాడు. జెలూల్ ఘర్దాయా పట్నంలో రొట్టెల వ్యాను నడిపేవాడు. పెద్ద బండి లైసెన్సు తీసుకున్నాడు గాని పెద్ద బండి ఇచ్చినవాడు లేడు. మామ కబురు అందగానే వ్యాను తాళాలు యజమాని బల్ల మీద పెట్టి, భార్యను వెంటబెట్టుకుని ఇన్ సలా వచ్చేశాడు.

"ఒక్క ట్రిప్పు పక్కన కూర్చుని చూస్తా," అన్నాడు బా హమ్మూ. "నచ్చితే బండి నువ్వు నడుపు. నచ్చకపోతే తమన్‌రస్సెట్‌లో షావుకారు హాజ్ అగ్గాగ్ దీన్ని ఎప్పట్నుంచో కొంటానంటున్నాడు. అక్కడే అమ్మేసి బస్సెక్కుతా."

"మరి నేను?"

"నువ్వూ బస్సే. పక్క సీటు."

ఎల్ మెనియాలో దుంపలు ఎత్తించుకుని బయల్దేరారు. జెలూల్ చెయ్యి మంచిది. గేరు మార్చినట్టే తెలియదు. ఇసుక రోడ్డు మీదికి పాకిన చోట్ల వేగం తగ్గించకుండా, పెంచకుండా, నీళ్లలో పడవలా దాటించాడు. బా హమ్మూ గమనించాడు. మెచ్చుకోలేదు.

"ఫోన్ చూపిస్తోంది మామా. ఎల్లుండి మధ్యాహ్నానికి తమన్‌రస్సెట్."

"నీ ఫోను టైరు మీద చెయ్యి పెట్టి చూసిందా?"

"ఫోనుకి చేతులెక్కడివి?"

"అదే నేననేది."

మర్నాడు పొద్దున్నే బా హమ్మూ సీటు వెనక పరుపు మీద కునుకు తీశాడు. కాసేపటికి ఎదురుగా దుమ్ము లేచింది. గొర్రెల లారీ. తోలేవాడు తమన్‌రస్సెట్ బర్కా. జెలూల్‌ని ఇన్ సలాలో మామ ఇంటి దగ్గర ఒకసారి చూసినవాడే. రెండు కిటికీలు దగ్గరయ్యాయి.

"సలామలేకుం బర్కా! బాగున్నావా? ముందు దారెలా ఉంది?"

"అలేకుం సలాం. మంచిదే, అంతా మంచిదే, అల్లా దయ. మీ మామ ఎలా ఉన్నాడు? ఇంట్లో..."

"పడుకున్నాడు, బాగున్నాడు. ఎండెక్కకముందే కనుమ దాటాలి, వస్తా!"

జెలూల్ గేరు వేశాడు. బర్కా చెయ్యి కిటికీలోంచి బయటికి చాపి ఉంది. అలా చాపే ఉండిపోయింది.

అరాక్ కనుమ దాటాక రోడ్డు లేదు. కొండల్లో ఎక్కడో పడిన వానకు వాగు వచ్చి, తారును విరిచి పక్కన పడేసి పోయింది. చక్రాల జాడలు రెండు వైపులా దిగాయి. కుడివైపు జాడలు ఎక్కువగా ఉన్నాయి. తాజాగానూ ఉన్నాయి. జెలూల్ కుడికి తిప్పాడు.

అవి లోపలికి పోయి వెనక్కి వచ్చిన బండ్ల జాడలు. పైన ఎండిన పెచ్చు, కింద బురద. బండి ఒక పక్కకు ఒరిగి, ఊపిరి వదిలినట్టు కుంగింది. బా హమ్మూ పరుపు మీద నుంచి జారి సీటు వెనక భాగానికి కొట్టుకున్నాడు. లేచి కిందికి దిగాడు. ఇరుసు దాకా మునిగిన చక్రాలను కళ్లు చికిలించి చూశాడు. తలగుడ్డ సర్దుకున్నాడు.

"మూటలు దింపు," అన్నాడు.

మధ్యాహ్నానికి ఇంకో లారీ వచ్చింది. అది ఎడమవైపు జాడ పట్టుకుని సులువుగా అవతలి గట్టెక్కి ఆగింది. డ్రైవరు జుబీర్, అతని జోడీదారు పారలు, ఇనుప పలకలు పట్టుకుని నడిచొచ్చారు. ముందు కుశలాలు అయ్యాయి. బురదలో మోకాలి దాకా నిలబడి ఒకరి పిల్లలను ఒకరు పేరుపేరునా అడిగారు. అప్పుడు పారలు లేచాయి.

తవ్వుతూ జుబీర్ అన్నాడు: "బర్కా కలవలేదా మీకు? నల్లరాళ్ల దగ్గర ఎడమకి దిగమని నాకు చెప్పాడే. కుడివైపు తనే రాత్రంతా ఇరుక్కున్నాట్ట."

బా హమ్మూ మేనల్లుడి వైపు తిరిగాడు.

"కలిశాడా?"

"కలిశాడు మామా. దారి సంగతి అడిగా. అంతా మంచిదే అన్నాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది, వచ్చేశా."

జుబీర్ పార కింద పెట్టి మరీ నవ్వాడు. "అంతా మంచిదే అంటే వచ్చేశావా! మా నాన్న మంచం మీద ఉన్నప్పుడు నేనూ అందరికీ మంచిదే అనే చెప్పా! ఘర్దాయాలో రొట్టె చేతిలో పెట్టగానే పరిగెత్తుతారు గావును!"

బా హమ్మూ నవ్వలేదు. కుశలం అడిగేటప్పుడు మా దగ్గర ఎవరూ చెడ్డ మాట పలకరు. ఇల్లు కూలినా మంచిదే అంటారు. అడగాల్సినవన్నీ అయ్యాక, ఇద్దరూ కాసేపు ఊరుకున్నాక, అసలు మాట వస్తుంది. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. జెలూల్‌కీ తెలుసు. పెళ్లిళ్లకీ చుట్టాలకీ అనుకున్నాడు. రోడ్డు మీద కూడా అనుకోలేదు.

సాయంత్రానికి బండి గట్టెక్కింది. మూటలు మళ్లీ ఎత్తారు. జుబీర్ వాళ్లు సాగిపోయారు. మామ ఇసుకలో రొట్టె కాల్చాడు, టీ కాచాడు. మూడో గ్లాసు అందిస్తూ, గొంతు పెంచకుండా చెప్పాడు.

"హాజ్ అగ్గాగ్‌తో బేరం చేసేస్తాను అల్లుడూ."

జెలూల్ గ్లాసు అందుకుని ఇసుకలో పెట్టాడు. ఈపాటికి ఇన్ సలాలో అద్దెకు తీసుకున్న గది గోడలకు భార్య సున్నం వేస్తూ ఉంటుంది.

"సరే మామా," అన్నాడు.

మర్నాడు బా హమ్మూ పక్క సీట్లో మెలకువగానే ఉన్నాడు. పొద్దెక్కాక ఖాళీ డ్రమ్ముల లారీ ఒకటి చాలా వేగంగా ఎదురొచ్చింది. జెలూల్ లైట్లు కొట్టాడు. అది ఆగలేక ఆగింది. నీలం తలగుడ్డ కట్టినవాడు, ఇద్దరికీ తెలియనివాడు. ఇంజను ఆపలేదు.

"సలామలేకుం. బాగున్నావా?" అన్నాడు జెలూల్.

"అలేకుం సలాం. మంచిదే."

"అలసట ఎలా ఉంది?"

"మంచిదే. నీకెలా ఉంది?"

"మంచిదే, అల్లా దయ. ఇంట్లో అందరూ? పిల్లలు?"

"మంచిదే."

"అమ్మా నాన్నా?"

"మంచిదే. అంతా మంచిదే."

"బండి?"

"మంచిదే."

అడగడానికి ఇంకేమీ లేదు. జెలూల్ ఇంజను ఆపాడు. గాలి రెండు లారీల మధ్య నుంచి ఇసుకను తోసుకుంటూ పోయింది. బా హమ్మూ ముందుకు చూస్తూ కూర్చున్నాడు. నీలం తలగుడ్డవాడు కూడా కాసేపటికి ఇంజను ఆపాడు.

"మా అమ్మ నిన్న పోయింది," అన్నాడు. "రెగ్గాన్‌లో. మట్టి అప్పుడే అయిపోయింది. కనీసం మూడో రోజుకైనా..."

జెలూల్ దిగాడు. అతనూ దిగాడు. జెలూల్ అతని భుజాలు పట్టుకున్నాడు. ఏదో అన్నాడు. పైనున్న మామకి వినబడలేదు. తర్వాత ఇద్దరూ రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నారు. జెలూల్ వేలితో ఇసుకలో వాగు గీశాడు, తారు తెగిన చోటు గీశాడు.

"నువ్వు అటునుంచి వస్తావు గనక దిగాల్సిన దారి నీకు కుడిచెయ్యి వైపు. తెల్లగా ఎండినట్టుండే నేల తొక్కకు. జాడలెన్ని ఉన్నా సరే. నల్లరాళ్ల పక్కగా పో. ఏదీ, చెప్పు."

అతను చెప్పాడు. తప్పు చెప్పాడు.

"కాదన్నా. మళ్లీ చెప్పు."

రెండోసారి సరిగా చెప్పాడు. అప్పుడు జెలూల్ తన నీళ్ల డబ్బా, మిగిలిన రొట్టె అతని సీట్లో పెట్టి, ఈసారి నెమ్మదిగా తోలమని బతిమాలి పంపాడు. పైకొచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. బా హమ్మూ ఆ తల్లి కోసం నాలుగు మాటలు ప్రార్థన చదివాడు. 

సంతలో హాజ్ అగ్గాగ్ దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. కుశలాలయ్యాయి. దుంపలు దిగాయి.

"ఏం బా హమ్మూ, బండి అప్పజెప్పడానికేనా ఇంత దూరం?"

"దుంపలు అప్పజెప్పడానికి. బండికి ఇంటి దగ్గర పనుంది."

అగ్గాగ్ ఆయన్నీ, జెలూల్‌నీ మార్చి మార్చి చూశాడు. "నీ కళ్లు పోయాయన్నారే?"

"పోయాయి. వాడివి ఉన్నాయి."

జెలూల్ వెనక్కి తిరిగి టార్పాలిన్ మడత పెట్టడం మొదలెట్టాడు. అది అప్పటికే మడత పెట్టి ఉంది.

మర్నాడు పొద్దున బస్సు దగ్గర బా హమ్మూ చేతిలో ఒక దుప్పటి, చెప్పుల జత. తను బండిలో రానన్నాడు. పక్కన తానుంటే ఎదురొచ్చేవాళ్లు తనతోనే మాట్లాడతారట.

"దారెలా వేసుకున్నావు?" అని అడిగాడు.

"మధ్యాహ్నం బయల్దేరతా. వాగుకి ఇవతలే రాత్రి ఆగుతా. తెల్లారాక దాటతా."

"ఇవతల ఆగడమేంట్రా? గాలి ఉండదక్కడ. సాయంత్రం దాటేసి కనుమలో పడుకోవాలి. నేనైతే దాటేసేవాణ్ణి."

"ఎండ వాలాక ఆ నేల అంతా ఒకే రంగు మామా. తెల్లది ఏదో, నల్లది ఏదో నాకు కనబడదు. పొద్దునే దాటతా."

"నేను చెప్తున్నా కదా."

"విన్నాను మామా. పొద్దునే దాటతా."

బా హమ్మూ మొహం ముడుచుకున్నాడు. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, దుప్పటి ఒళ్లో పెట్టుకున్నాడు. పక్క సీటు మనిషి అడిగాడు: "ఎవరాయన? మీ అబ్బాయా?"

"కాదు," అన్నాడు బా హమ్మూ. "డ్రైవరు."