ఆర్పకుండా వదిలేసిన లైటు

బావ ఫోన్ చేసి మా అక్క పాత స్పోర్ట్స్ కారు కొన్నదని చెప్పాడు. చెప్పిన తీరు చూస్తే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనుకోవాలి. ఆయనది తెనాలి వైపు. ఏ విషయమైనా నెమ్మదిగా, మర్యాదగా చెప్పే మనిషి. ఆ రోజు మాత్రం మీ అక్కకి ఏమైందో నువ్వే వచ్చి కనుక్కోమ్మా అని ఫోన్ పెట్టేశాడు.

అక్క గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రిలో సీనియర్ నర్సు. నేను రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. శేరిలింగంపల్లిలో ఒకే అపార్ట్‌మెంట్‌లో పక్కపక్క బ్లాకుల్లో ఉంటాం. నేను సెల్లార్‌లోకి దిగేసరికి అక్క కారు చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. ముదురు నీలం రంగు, నేలకు ఆనుకున్నంత ఎత్తు, రెండే సీట్లు. ఎవరో డాక్టరు మోజుపడి కొని, మోజు తీరాక అమ్మేశాడట. ఎందుకు కొన్నావని అడిగితే వెనక సీటు లేదు కాబట్టి అన్నది. ఖమ్మం నుంచి ఏ చుట్టం వచ్చినా స్టేషన్‌కీ, పెళ్లిళ్లకీ, చర్చికీ దింపేది అక్కే. ఇక ఎవరూ అడగలేరని ఆమె ధీమా.

ఆ కారును చూసిన క్షణం నుంచి నాకు కుతూహలం ఆగలేదు. అది కార్ల చరిత్రలో ఒక మధ్యకాలానికి చెందినది. అంతకుముందువి ఉత్త ఇనుము. చెవి పెట్టి వింటే జబ్బు తెలిసేది. ఇప్పటివి తెర మీద ఏమైందో మాటల్లో చెబుతాయి. ఇది అటూ కాదు, ఇటూ కాదు. ఇంజన్‌కో కంప్యూటర్, బ్రేకులకో కంప్యూటర్, తలుపులకో కంప్యూటర్. లోపల అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. మనకు మాత్రం పసుపు లైటు ఒకటి వెలిగించి ఊరుకుంటాయి.

ఆ లైటు త్వరలోనే వెలిగింది. ఒక ఉదయం డ్యూటీకి వెళ్తుంటే ఫ్లైఓవర్ మీద కారు ఉన్నట్టుండి నీరసపడిపోయింది. ఆగదు, పరిగెత్తదు. తేడా వస్తే ఇంజన్ పాడుకాకుండా కంప్యూటరే దాని బలం తగ్గించేస్తుందని తర్వాత చదివాను. బైక్ ట్యాక్సీలు, ఆఫీసు బస్సులు హారన్లు కొట్టుకుంటూ దాటిపోతుంటే, అక్క అలా పాక్కుంటూ ఆసుపత్రి చేరింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి ఈ సంగతి సెల్లార్‌లో చెప్పగానే అపార్ట్‌మెంట్ జనమంతా మూగారు. మా కాంప్లెక్స్‌లో రాయి విసిరితే సాఫ్ట్‌వేర్ వాళ్లకే తగులుతుంది. అందరూ ఒక్క గొంతుతో చెప్పిన వైద్యం రీస్టార్ట్. అక్క పక్కింటాయన పైకెళ్లి స్పానర్ తెచ్చి బ్యాటరీ వైరు పీకాడు. కాఫీ తాగినంత సేపు ఆగి మళ్లీ తగిలించాడు. లైటు పోయింది. సెల్లార్ మొత్తం చప్పట్లు. నేనూ కొట్టాను.

లైటు మళ్లీ వచ్చింది, మళ్లీ పీకారు. కొన్నాళ్లకు అది మా ఆదివారాల్లో ఒక వేడుక అయిపోయింది. మధ్యలో మియాపూర్‌లో పాత విదేశీ కార్లు చూసే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన తన కంప్యూటర్ తగిలించి చూస్తే లోపల ఒక్క తప్పూ నమోదై లేదు. బండి నున్నగా నడుస్తోంది. ఇంజన్ కంప్యూటరే పోయిందేమో, అది ఈ దేశంలో దొరకడం కష్టం అని తేల్చాడు.

బావకు ఆ మాట చాలు. కారుకు పదిహేనేళ్లు నిండుతున్నాయి, రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ బండి చూసి సరేననాలి. ఆ పరీక్ష గట్టెక్కకపోతే అమ్మేయాలని బావ అక్క దగ్గర మాట తీసుకున్నాడు. ఆయన భయం ఆయనది. పొద్దున్నే డ్యూటీకి వెళ్లే భార్య ఔటర్ రింగ్ రోడ్డు మీద నిలిచిపోతే ఎవరిది పూచీ? అక్క ఒప్పుకుంది. ఆమె మాటంటే మాటే కాబట్టి, ఆ కారు ఆయుష్షు ఇక ఆ పరీక్ష దాకానేనని నాకు దిగులు పట్టుకుంది.

ఆ తర్వాతి ఆదివారం పక్కింటాయన స్పానర్‌తో వస్తుంటే అక్క బానెట్ మీద చెయ్యి పెట్టి అడ్డుకుంది.

"జ్వరమొచ్చినప్పుడల్లా గోలీ ఏసి, దవాఖానకు పోయినంక జ్వరం లేదంటే డాక్టరేం చేస్తడు? ఇగ ఎవరూ ముట్టకుండ్రి. దీనికేమైతుందో చూద్దాం."

పక్కింటాయన స్పానర్ జేబులో పెట్టుకున్నాడు. వైరు పీకినప్పుడల్లా లైటుతోపాటు, కంప్యూటర్ రాసిపెట్టుకున్నదంతా చెరిగిపోతోందని అప్పటిదాకా అక్కడ ఎవరికీ తట్టలేదు. ఆఫీసులో ఎవరైనా అలా లాగ్స్, అంటే కంప్యూటర్ రాసుకున్న రికార్డులు, చెరిపేస్తే మేమే గొడవ చేస్తాం. కారు దగ్గరికొచ్చేసరికి మా వాళ్లందరికీ చేతి దురదే ముందుకొచ్చింది.

ఆ రోజు నుంచి కారును జబ్బుతోనే తిరగనిచ్చాం. నేను దానికి తగిలించి తప్పులు చదివే చిన్న స్కానర్ కొన్నాను. మొదటిసారి చూసినప్పుడు నాకు పండగే. బ్రేకుల కంప్యూటర్, తలుపులది, డ్యాష్‌బోర్డుది, అన్నీ ఇంజన్ కంప్యూటర్ పలకడం లేదని ఫిర్యాదు చేస్తున్నాయి. అంతమంది ఒక్కరి మీదే చెబుతుంటే ఆ ఒక్కరినే చూడాలి. కానీ అది ఎప్పుడు పలకదు? అక్క రోజూ గమనించి చెప్పేది: వేడి మీద కాదు, వేగంలో కాదు, సాయంత్రాలు అసలే కాదు. పొద్దున సెల్లార్ ర్యాంపు ఎక్కి ఎడమకు తిరిగేటప్పుడు, లేదంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు.

తప్పు ఎక్కడ బయటపడుతుందో తెలిస్తే టెస్టర్‌కి ఇంకేం కావాలి? ఒక శనివారం ర్యాంపు ఎక్కించాం, దించాం, మళ్లీ ఎక్కించాం. వాచ్‌మన్ మాకేదో అయిందనుకుని బావకు కబురు పెట్టాడు. తర్వాతి వారాల్లోనూ చూశాం: ఎక్కిన ప్రతిసారీ కాదు గానీ, కార్లు కడిగే మనిషి మగ్గుతో నీళ్లు పోసి తుడిచి వెళ్లిన పొద్దుల్లో మాత్రం తప్పకుండా బండి నీరసపడింది. ముందు అద్దం కింద ప్లాస్టిక్ మూత విప్పాం. ఆసుపత్రి ఆవరణలో అక్క రోజూ నిలిపే చోట కానుగ చెట్లున్నాయి. వాటి ఆకులూ పూలూ లోపల కుళ్లి, నీళ్లు బయటికి పోయే రంధ్రాన్ని పూర్తిగా మూసేశాయి. నల్లటి నీటి మడుగు. దాని అంచున ఇంజన్ కంప్యూటర్ పెట్టె. బండి ర్యాంపు ఎక్కి తిరిగితే ఆ నీళ్లు వెనక్కి, పక్కకి ఒరిగి దాన్ని ముంచుతున్నాయి.

నేను ఎగిరి గంతేశాను. అక్క మాత్రం గ్లౌజులు తొడుక్కుని, ఆ బురదంతా చేతులతో తోడి పోసింది.

మెకానిక్ పెట్టె విప్పి ఆరబెట్టాడు. పచ్చగా చిలుము పట్టిన పిన్నులు శుభ్రం చేశాడు. బతికే ఉందన్నాడు. లైటును స్కానర్‌తో చెరిపేద్దామంటే అక్క వద్దంది. కొన్నాళ్లు సరిగ్గా నడిస్తే కంప్యూటర్‌కు నమ్మకం కుదిరి తనంతట తానే లైటు ఆర్పేస్తుందట. అప్పుడే నిజంగా నయమైనట్టు.

అది ఆరకముందే పరీక్ష రోజు వచ్చింది. పైగా ముందురోజు కుండపోత. ఆర్టీఏ ఆఫీసు దగ్గర వరుసలో నిలబడి ఆ పసుపు లైటునే చూస్తున్నాను. నా సంచిలో స్పానర్ ఉంది. ఒక్క నిమిషం వైరు తీస్తే పోతుంది కదా అన్నాను. అక్క నా వైపు చూసిన చూపుకు సంచి జిప్పు మూసేశాను.

ఇన్‌స్పెక్టర్ చాసిస్ నంబరు చూశాడు, హారన్ కొట్టాడు, దీపాలు వెలిగించి చూశాడు. డ్యాష్‌బోర్డు చూసి నొసలు చిట్లించాడు.

"గీ లైటు ఆర్పి తేవొచ్చు గద మేడం? అందరు గదే చేస్తరు."

"ఆర్పితే ఆరుతది సార్. లోపల ఏమైతుందో నాకెట్ల తెలుస్తది?"

ఆయన తనే కూర్చుని బండిని బయటికి తీసుకుపోయాడు. పక్కనే ఎత్తుగా పోయే రోడ్డుంది. అటే తిప్పాడు. ఎత్తు మీద ఇంజన్ నీరసపడితే అంతా అయిపోయినట్టే. ఇద్దరం గేటు దగ్గర నిలబడి ఆ శబ్దమే విన్నాం. అది తగ్గలేదు. పైదాకా పెరుగుతూనే పోయింది. వెనక్కి వచ్చాక ఆయన దిగి, బండి మంచిగుందని, లైటు సంగతి మాత్రం కనిపెట్టుకుని ఉండమని చెప్పి, సంతకం పెట్టేశాడు.

నేను పక్క సీటులో కూర్చున్నాను. అక్క తాళం చెవి పెట్టబోయింది, అది లోపలికి దిగలేదు. మళ్లీ ప్రయత్నించింది. ప్రాణాలు పోతున్న మనుషుల నరాల్లోకి సూదులు దించిన చేతులవి.

"నాకని ఒక్కటన్న ఉండాలనుకున్ననే," అన్నది. "ఇది గూడ పోతదనుకున్న."

తాళాలు నా ఒడిలో వేసి, దిగి ఇటు వచ్చింది. ఇన్నాళ్లూ ఆ స్టీరింగ్ ఇంట్లో ఎవరికీ ఇవ్వలేదు. డ్యూటీకి గచ్చిబౌలి చేరేదాకా అక్క ఏడుస్తూనే ఉంది, ఏడుస్తూనే క్లచ్ మీంచి కాలు తియ్యమని నన్ను తిడుతూనే ఉంది.