అక్క కల్లంలో తీసిన క్యాసెట్టు

అప్పట్లో నేను గురజాలలో టీచర్ని. తీరిక దొరికితే టేపురికార్డరు పట్టుకుని చప్పుళ్లు రికార్డు చేసేవాణ్ణి. జానెడు టేపు కత్తిరించి, కొసలు రెండూ అతికించి, ఖాళీ క్యాసెట్టులో చుట్టుగా అమరిస్తే ఆ నాలుగైదు సెకన్ల చప్పుడు ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. గంటసేపు వింటే అది నాకు సంగీతమే.

అక్క చనిపోయిన నెలకు, ఆమె మిరప కల్లంలో తీసిన క్యాసెట్టు బయటికి తీశాను. గుప్పెడు ఎండుమిరపకాయలు చెవి దగ్గర ఆడించి, లోపలి గింజల చప్పుడును బట్టి బస్తాలకు ఎత్తవచ్చో లేదో చెప్పేది అక్క. నాకు ఆ చప్పుడు కావాలి. కాపీ తీస్తే టేపు బుస కలుస్తుందని శనివారం రాత్రి అసలు టేపునే కోశాను. మొదటి ముక్క నలిగితే పారేశాను. రెండోది కుదిరింది కానీ, అతుకు దగ్గర తిరిగినప్పుడల్లా టక్కుమంటోంది. ఆదివారం అన్నీ పట్టుకుని నరసరావుపేటలో టేపులు బాగుచేసే భాయ్ దగ్గరికి వెళ్లాను.

"ఏంది మాస్టారూ, గడ్డం గీసుకున్న బ్లేడుతోనే కోశారా?" అని నవ్వాడు. తరువాత అడిగాడు: "రెండో పక్క ఏముంది?"

"ఏం లేదు."

"విన్నారా?"

వినలేదు. ఒక పక్క కోస్తే రెండో పక్కా తెగుతుందని నాకు తెలుసు. నేనెప్పుడూ రెండో పక్క వాడలేదు కాబట్టి ఆలోచించలేదు.

భాయ్ చుట్టు విప్పి, ఆ ముక్కను తిరిగి అసలు క్యాసెట్టు టేపులో అతికించాడు. తిప్పి పెట్టాడు. చాలాసేపు బుస తప్ప ఏమీ లేదు. అలాగే ఉండిపోతే బాగుండుననుకున్నాను. అంతలో మా పక్కింటి పిన్ని గొంతు వినిపించింది. నేను కల్లంలో లేనప్పుడు అక్కే క్యాసెట్టు తిప్పి రికార్డు మీట నొక్కి ఉండాలి.

"ఏమే, మీ తమ్ముడికి మెరపకాయల చప్పుడెందుకంట? సంతలో అమ్ముతాడా?"

"అమ్మితే ముందు కొనేది నువ్వే పిన్నీ," అంది అక్క.

"ఊరంతా నవ్వుతున్నారే. ఈ పిచ్చి ముదిరితే ఏం జేస్తావు?"

"వాడికా? వాడు..."

టక్కుమంది. ఆ వెంటనే పిన్ని నవ్వు. ఆగకుండా నవ్వింది.

"ఇక్కడొక ముక్క లేదు. ఇంట్లో ఉందా?" అన్నాడు భాయ్, ఈసారి నవ్వకుండా.

గురజాల బస్సులో నిలబడే వచ్చాను. పొద్దున ఊడ్చిన చెత్తను అప్పటికే తగలబెట్టేశారు. పుల్లతో బూడిద కెలికి, నేరుగా పిన్ని ఇంటికి వెళ్లాను. ఆ రోజు అక్క నా గురించి ఏమందని అడిగాను.

"ఏ రోజయ్యా? చానా అనుకునేవాళ్లం," అంది పిన్ని. నా ముఖం చూసి, "నువ్వు సల్లగుండాలనే అనుంటది లేయ్యా," అంది.

సరేనన్నాను. అలాంటి మాటకు పిన్ని అంతసేపు నవ్వి ఉండదు.