మామగారి మీదికి డ్రాగన్

కోయిలకుంట్లలో స్టీలు సామాన్ల అంగడి నడిపే శ్రీవాణికి చదరంగం నేర్పింది ఆమె మామ పెద్దసుబ్బయ్యే. మధ్యాహ్నం బేరాలు మందగించగానే ఆయన గల్లాపెట్టె పక్కన చదరంగం బల్ల పెట్టేవాడు. పెద్దరికం కొద్దీ తెల్లపావులు ఎప్పుడూ ఆయనవే. శ్రీవాణి నల్లపావులను రాజు చుట్టూ జాగ్రత్తగా పేర్చుకుని కూర్చునేది. అలా కూర్చునే నెమ్మదిగా ఓడిపోయేది. బిందె కోసం వచ్చినవాళ్ల చేత పళ్లెం కూడా కొనిపించగల మనిషి, బల్ల ముందు మాత్రం బిక్కుబిక్కుమంటూ ఉండేది. అది ఆమెకే నచ్చలేదు.

ఆ ఎండాకాలం ఫోన్‌లో సిసిలియన్ డ్రాగన్ అనే ఎత్తుగడ చూసింది. నల్లపావులతో మొదటి నుంచే ఎదురుదాడికి దిగే పద్ధతి అది. అవసరమైతే ఏనుగునైనా బలిచ్చేస్తారు. మామకు తెలియకుండా వంటింట్లో సాధన మొదలుపెట్టింది.

"నల్లవాటితో అంత దూకుడెందుకు? డ్రా అయితే సాలదా?" అన్నాడు భర్త రాఘవేంద్రప్రసాద్.

"ఓడిపోతే పోనీ. ఈసారి కొట్లాడి ఓడిపోతా," అంది.

కర్నూలులో జరిగిన ఒక పోటీకి మామాకోడళ్లు కలిసే వెళ్లారు. చివరి రౌండులో ఇద్దరికీ ఒకరితో ఒకరికే ఆట పడింది. తెల్లపావులు మళ్లీ మామకే వచ్చాయి.

"డ్రా చేసుకొని భోంచేద్దామా అమ్మా? ఆకలైతాండాది."

"ఆడదాం మామా."

ఆయన రాజు ముందున్న బంటును జరిపాడు. ఆమె ఎప్పటిలా ఎదురుగా బంటు పెట్టకుండా, ఒంటె ముందున్న బంటును తోసింది. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. కాసేపటికి ఆయన బంట్లు వరుసగా ఆమె రాజు మీదికి దూసుకొచ్చాయి. అయినా శ్రీవాణి వెనక్కి తగ్గలేదు. మామ రాజుకు కాపలాగా ఉన్న గుర్రాన్ని ఏనుగుతో కొట్టింది. ఏనుగు పోయింది కానీ దారి తెరుచుకుంది. ఆ దారిన ఆమె ఒంటె, మంత్రి ఒకదాని వెనుక ఒకటి చొరబడ్డాయి.

"ఏమమ్మా ఇది! యాడ నేర్చినావు?" అని ఆయన గట్టిగా అనేశాడు. నిర్వాహకుడు వచ్చి నోటి మీద వేలు పెట్టి సైగ చేశాడు.

మరి నాలుగు ఎత్తులకు తన పని అయిపోయిందని ఆమె కంటే ముందు ఆయనకే తెలిసింది. రాజును పడుకోబెట్టి, చేయి కలిపి, పకపకా నవ్వాడు.

"ఇన్నేండ్లు నాకు భయపడి ఆడినావా?"

"భయం గాదు మామా, మర్యాద అనుకున్యా."

"ఆటలో మర్యాదేందమ్మా? ఇదీ ఆటంటే! శానా బాగుండాది."

హోటల్లో ఆయన ఆకలి మరిచిపోయి, కూర గిన్నెలనూ గ్లాసులనూ జరుపుతూ ఆ ఆటే మళ్లీ ఆడాడు. సాయంత్రం బస్సు దిగి అంగడికి రాగానే పక్క బట్టలకొట్టు దేవేంద్రప్పను కేకేశాడు.

"ఏమప్పా, ఓడిపోయినా! నా కోడలు నన్ను చితగ్గొట్టింది!"

"ఓడిపోయి ఇంత సంతోషమేందప్పా?"

"అట్ల ఓడిపోయినా మరి! రా, కూర్చో, చూపిస్తా," అంటూ ఆయన్ను చేయి పట్టి లోపలికి లాక్కొచ్చాడు. శ్రీవాణి నవ్వు ఆపుకోలేక, ఇద్దరికీ స్టూళ్లు వేసింది.