పగులు మీద గాజు పలకలు

ఏ ఇంట్లోనైనా దయ్యం తిరుగుతోందని ఎవరైనా చెబితే నేను ముందు పైకప్పు చూస్తాను. చప్పుళ్లకీ చెమ్మకీ కారణం అక్కడే దొరుకుతుంది. నరసరావుపేటలో ఇళ్ల ప్లాన్లు గీసే ఇంజినీరుని. దయ్యాల్ని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా గురజాలలో జరిగింది జరిగినట్టు చెబుతాను.

కోటేశ్వరరావు గారికి బజారులో తాతల నాటి రాతి మేడ ఉంది. కింద వీరయ్య అనే దర్జీ మిషన్లు పెట్టుకుని, భార్యాపిల్లలతో అక్కడే అద్దెకుంటున్నాడు. మేడ మీద ఇంకో అంతస్తు వేయాలని కోటేశ్వరరావు గారి ఆలోచన. పాత కట్టడం మీద కొత్త బరువు పెట్టాలంటే, ఉన్న గోడలు మోయగలవని ఇంజినీరు సంతకం చేయాలి. అది లేనిదే అనుమతి రాదు. ఆ సంతకం కోసమే నన్ను పిలిచారు.

మేడ మీద నడిమి గది గోడకు నిలువునా పగులుంది. అది పాతదో, ఇంకా పెరుగుతోందో తేలాలంటే పగులుకు అడ్డంగా సన్నని గాజు పలకలు అతికిస్తాం. గోడ కదిలితే గాజు పగులుతుంది. సిమెంటుతో మూడు పలకలు అతికించి, నెల ఆగమన్నాను.

"మా తాత కట్టిన గోడకి ఇప్పుడొచ్చిన రోగమేంది మేడం? సంతకం పెడితే పోయేదానికి!" అని ఆయన విసుక్కున్నారు.

పది రోజుల తర్వాత వెళ్తే పలకలు మూడూ బాగానే ఉన్నాయి. మరీ బాగున్నాయి. అతికించే ముందు ప్రతి పలక మూలన గోళ్ల రంగుతో చిన్న చుక్క పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ చుక్కల్లేవు. చుక్కలున్న నా పలకలు ముక్కలై కిటికీ గూట్లో ఉన్నాయి, ఏ పలక ముక్కలు ఆ పలకవిగా పేర్చి.

ఆయనే మార్పించారనుకుని ముఖం మీదే అడిగాను.

"నేనా? పని సాగదీద్దామని నువ్వే పగలగొట్టావేమో!" అన్నారు.

ఆ పలకల్ని ఊడదీసి, మళ్లీ చుక్కలు పెట్టిన నా పలకలు అతికించాను. తలుపుకు నా సొంత తాళం వేసి, చెవి నా బ్యాగులో పెట్టుకున్నాను. కిటికీకి ఇనుప చువ్వలున్నాయి. పైకి ఎక్కాలంటే వీరయ్య మిషను పక్కనున్న మెట్లే దిక్కు.

వారం తర్వాత మధ్యాహ్నం కోటేశ్వరరావు గారు, వీరయ్య ఇద్దరి ముందూ తాళం తీశాను. గోడ మీద చుక్కల్లేని పలకలు మూడు. గూట్లో నా పలకల ముక్కలు.

అతుకు మీద వేలు పెడితే తడి అంటింది. అప్పుడే ఎవరో పెట్టి వెళ్లినట్టుంది. నేను వాడింది సిమెంటు. ఇది సిమెంటు రాక ముందు ఇలాంటి రాతి గోడలు కట్టిన, మెత్తగా నూరిన గానుగ సున్నం. ఈ చుట్టుపక్కల ఇప్పుడెవరూ దాన్ని నూరగా నేను చూడలేదు.

"వీరయ్యా, పైకి ఎవరెక్కార్రా?" కోటేశ్వరరావు గారు గద్దించారు.

"ఎవరూ ఎక్కలా బాబాయ్. పొద్దుటి నుంచి మిషను కాడ నుంచి లెగవలేదు నేను. పిల్లి కూడా పోలా."

ఆయన తాళాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. "తాళం నీదేగా అమ్మా? ఏంది ఇదంతా?" ఈసారి గొంతులో కోపం లేదు.

తాళం వేసిన గదిలో నా పలకలు పగిలాయంటే గోడ కదులుతున్నట్టే. నేను సంతకం పెట్టలేదు. కింది వాళ్లను వెంటనే ఖాళీ చేయించమన్నాను. ఆయన సాయంత్రానికల్లా వీరయ్య సామానంతా ఎదురు కొట్టులోకి చేర్పించారు.

తర్వాత ఆ గోడ దింపేటప్పుడు నేనూ ఉన్నాను. రాళ్ల మధ్య పట్టు పోయి అంతా పొడిగా రాలింది. గోడ కింద ఉన్న దూలాన్ని చెదలు తినేశాయి. వేళ్లతో నలిపితే పిండైంది. వీరయ్య పిల్లలు పడుకునేది సరిగ్గా ఆ దూలం కిందే.

గోడ కదిలింది, గాజు పగిలింది. అంతవరకు నాకు అర్థమవుతుంది. కొత్త పలకలు పెట్టిందెవరు? తాళానికి మారు చెవి ఉందేమోనని, వీరయ్య ఏదైనా దాచాడేమోనని ఇప్పటికీ అనుమానపడుతూనే ఉన్నాను. కానీ ఒక్కచోట ఆగిపోతాను. నన్ను మోసం చేయాలనుకున్నవాడు పగిలిన ముక్కల్ని పారేయాలి గదా. నా కంటబడేలా అంత ఓపిగ్గా ఎందుకు పేర్చినట్టు?