ముళ్ళపొదల పక్కన కుర్చీ

ఆర్డిస్ క్వామీ మాట కరుకు. మినసోటాలో జీవితమంతా పాడి చేసిన మనిషి. ఆవుతోనైనా మనిషితోనైనా ఒకటే గొంతు. బడి చిన్నప్పుడే మానేసింది. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "చదువుకున్న వాళ్ళొచ్చి తోలుతున్నారా నా బండిని?" అని అడిగేది. బండంటే మామూలు బండి కాదు, పికప్ వెనక తగిలించుకుని లాగే ఇల్లు. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ అందులోనే. డెబ్బై దాటాక దాన్ని లాగడం నేర్చుకుంది, వెనక్కి తోలడంతో సహా. నేర్చుకోక తప్పలేదు, మొగుడు హార్లన్‌కి చూపు పోయింది.

ఏటా మంచు పడకముందే ఇద్దరూ టెక్సాస్ అడుగుకి, సరిహద్దు నది పక్కకి దిగిపోయేవాళ్ళు. ఏప్రిల్ దాకా అక్కడే. ఎండ కోసమని ఆర్డిస్ అనేది గానీ, అసలు సంగతి హార్లన్ పిట్టల పిచ్చి. కళ్ళున్నన్నాళ్ళూ దుర్భిణి మెడలో వేలాడేసుకు తిరిగాడు. కళ్ళు పోయాక చెవులతో చూడటం మొదలుపెట్టాడు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని, ఏ కొమ్మ మీద ఏది వాలిందో చెప్పేవాడు. అవి కూసినంతసేపూ ఆయన మనిషి. కూతలు ఆగితే ఓ మూల ఒదిగిన మూట.

ఆ ఏడు, ఇలాంటి ఇళ్ళబండ్లు అద్దెకి నిలుపుకునే వాళ్ళ పాత పార్కుని అమ్మేశారు. కొన్నవాడు చెట్లన్నీ పీకించి గోడౌన్లు లేపాడు. ఆ కబురు తెలిసేటప్పటికి మిగతా పార్కులన్నీ నిండిపోయాయి. అక్కడ చోటు కావాలంటే కిందటి వసంతంలోనే చెప్పుకోవాలి.

అయినా ఆర్డిస్ బయల్దేరింది. దారిలో హార్లన్ అన్నాడు, "చూడు ఆర్డిస్, పిట్టలు లేని చోటైతే ఇంటికి తిరిగిపోదాం. చీకట్లో కూర్చునేవాడికి మంచైనా ఎండైనా ఒకటే."

ఆర్డిస్‌కి తెలుసు. ఇంటికెళ్తే ఈ మనిషి వసంతం దాకా కుర్చీలోంచి లేవడు. ఆ తర్వాత కూడా లేవడేమో.

"నోర్మూసుకుని మిఠాయి తిను" అంది.

మొదట దొరికిన పార్కు గేటు మీద ఆకుపచ్చ పిట్ట బొమ్మ మనిషంత ఉంది. లోపల ఈతకొలను, బంతాట మైదానం, దువ్వి పెట్టినట్టు కంకర. చెట్టు మాత్రం ఒక్కటి లేదు. పైన పటారం, లోన లొటారం. తెల్లారి హార్లన్ గుమ్మంలో కాసేపు కూర్చుని లోపలికొచ్చాడు.

"ఏం వినబడిందయ్యా?"

"పక్కవాళ్ళ ఏసీ."

మధ్యాహ్నానికల్లా ఆర్డిస్ బండి తగిలించేసింది. రెండోది పెద్ద రోడ్డు పక్కన. అక్కడ రాత్రంతా లారీలు. మూడోదానికి ఆదివారం సాయంత్రం చేరారు. ఉల్లితోటలు దాటాక, నది ఎప్పుడో వదిలేసి పోయిన వంపులో నీళ్ళు నిలిచిన చోటు. గట్టునిండా ముళ్ళపొదలు. కిటికీ దించగానే హార్లన్ తల అటు తిరిగింది.

"ఇక్కడే" అన్నాడు.

ఆఫీసుకి తాళం. పార్కు చూసుకునే చేలా కాంతూ చర్చికి పోయి అటే కూతురింటికి వెళ్ళిందట. ఆర్డిస్ ఆగే రకమా? మెల్లగా వరసలన్నీ తిరిగింది. అన్నిట్లోనూ బండ్లు. చిట్టచివర, పొదలకి ఆనుకుని బండి నిలిపే సిమెంటు దిమ్మ ఒకటి ఖాళీగా ఉంది. దాని మీద అల్లిక తెగిన మడతకుర్చీ ఒక్కటి. పక్కన ఒక కర్ర, కర్రకి మేకు, మేకుకి ఎండిన నారింజ తొక్క. ఎవరో పారేసిపోయిన తుక్కు అనుకుంది. కుర్చీ మడిచి చెత్తడబ్బా పక్కన పెట్టింది.

కొత్తబండి వెనక్కి వస్తోందంటే పార్కుల్లో మగాళ్ళంతా బయటికొచ్చి చేతులూపుతారు, ఎడమకి, కుడికి, ఇంకొంచెం అని. ఆ రోజూ వచ్చారు. కానీ ఎవరి చెయ్యీ లేవలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు.

'ఆడది తోలుతోందని ఏడుపు' అనుకుంది ఆర్డిస్. ఒక్క ఊపులో బండిని దిమ్మ మీద నిలబెట్టింది.

దీపాలవేళకి ఇద్దరు ఆడవాళ్ళు బంగాళదుంపలు పరిచి కాల్చిన మాంసం గిన్నె తెచ్చారు. "ఎన్నాళ్ళుంటారమ్మా?" అని అడిగారు. ఏప్రిల్ దాకా అంది. "అలాగా" అన్నారు. ఇంకాసేపు నిలబడి, "గాలి తిరిగినట్టుంది" అనేసి వెళ్ళిపోయారు. వాళ్ళూ చలికి దిగొచ్చినవాళ్ళే. ఆ ఉత్తరాది మంచువైపు మనుషులంతే. కొంప తగలబడుతున్నా, కాస్త వెచ్చగా ఉందే అంటారు తప్ప నిప్పనరు. ఆర్డిస్‌దీ ఆ వైపే. అయినా తన నోరు వేరు గనక, ఎదుటివాళ్ళు మింగేసిన మాట ఆమె చెవికి ఎప్పుడూ అందేది కాదు.

తెల్లవారగానే పొదల్లో చచలాకలు లేచాయి. కోళ్ళంతేసి పిట్టలు. ఒకటి అరిస్తే పది తగులుకుని, పెళ్ళివారింట పోట్లాట పెట్టినట్టు ఊరంతా లేపాయి. హార్లన్ గుమ్మంలో కూర్చుని నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. కాఫీ కలుపుతున్న ఆర్డిస్ చెంచా పక్కన పెట్టి అలాగే నిలబడిపోయింది.

అప్పుడే ఒక బక్కపల్చటి ముసలామె వచ్చింది. చేతిలో కోసిన నారింజ బద్ద. దిమ్మ వంక, బండి వంక, కర్ర వంక చూసింది.

"ఇక్కడో కుర్చీ ఉండాలి" అంది.

"ఆ తుక్కా? చెత్తడబ్బా దగ్గర పడేశాను."

ముసలామె నారింజ బద్దని మేకుకి గుచ్చి, చెత్తడబ్బా వైపు నడిచింది. కుర్చీ మీద ఎవరో కాఫీ పిప్పి గుమ్మరించారు. దాన్ని ముట్టుకోబోయి, ముట్టుకోలేక వెనుదిరిగి వెళ్ళిపోయింది.

చేలా కాంతూ దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమెది ఆ నేలే, మాట మింగే అలవాటు లేదు.

"ఏం పని చేశారు సెన్యోరా! అది లీలండ్ గారి చోటు. ఆ వెళ్ళినావిడ మాక్సీన్, ఆయన భార్య. పోయిన మార్చిలో ఆ కుర్చీలోనే, పిట్టలు వింటూ పోయాడు ఆయన. ఇక్కడ మనిషి పోతే తర్వాతి చలికాలమంతా ఆ చోట బండి పెట్టం. కుర్చీ ఒక్కటే ఉంటుంది. ఆవిడైనా పెద్దబండి అమ్మేసి ముందు వరసలో చిన్నదాంట్లో ఉంటోంది. నిన్న ఒక్కరూ చెప్పలేదూ మీకు?"

"మాంసం గిన్నె ఇచ్చి వెళ్ళారు."

"వాళ్ళు చెప్పడమంటే అదే!"

ఆర్డిస్ నేరుగా చెత్తడబ్బా దగ్గరికి నడిచి కుర్చీ తెచ్చుకుంది. గిన్నెలు తోమే సబ్బుతో కడిగింది. తెగిన అల్లిక చోట, గడ్డిమోపులు కట్టే తాడుతో పాలేరు ముడి వేసి బిగించింది. ఆ తాడు లేకుండా ఆమె గడప దాటదు. తర్వాత నీళ్ళ గొట్టం ఊడదీసింది, కరెంటు తీగ చుట్టింది. బండి దిమ్మ దిగాక కుర్చీ పట్టుకుని వెళ్ళింది. సిమెంటు మీద నాలుగు కాళ్ళ తుప్పుమరకలు ఉన్నాయి. ఒక్కో కాలు ఒక్కో మరక మీద ఆనించింది.

హార్లన్ పికప్‌లో కూర్చుని అంతా విన్నాడు.

"పద" అన్నాడు. "ఒక పొద్దు విన్నాను కదా. చాల్లే."

చాలదు అని ఉంటే తిట్టిపోసేది. ఆయనన్నది 'చాల్లే' అని. ఆర్డిస్ పికప్ తలుపు తీసి, మళ్ళీ వేసేసి, ముందు వరసకి నడిచింది. దారంతా బండ్ల ముందు జనం కూర్చునే ఉన్నారు. తల వంచుకోలేదు. మాక్సీన్ మెట్టు మీద కూర్చుని ఉంది.

"కుర్చీ కడిగి పెట్టాను" అంది ఆర్డిస్. "తాడు నాది. వద్దనుకుంటే తెంచెయ్యండి. మేం పోతున్నాం."

మాక్సీన్ తలూపింది.

ఆర్డిస్ కదల్లేదు. "ఒకటి అడగాలి. నేను ఎవర్నీ ఏదీ అడిగిన మనిషిని కాను. మా ఆయనకి కళ్ళు లేవు. పొద్దున పూట కాసేపు ఆ పొదల దగ్గర, కుర్చీ పక్కన నేల మీద కూర్చోనిస్తారా? బండి ఎక్కడ పెట్టుకోమన్నా పెట్టుకుంటాను. రోడ్డు మీదైనా."

మాక్సీన్ తన చేతుల వంక చూసుకుంది. వేళ్ళకింకా నారింజ రసం అంటుకుని ఉంది.

"రోజూ ఏం కూసిందో చెప్పేవాడు మా ఆయన" అంది. "నేను వినేదాన్ని కాదు. కాఫీ చల్లారిపోతోంది, తాగి మాట్లాడు అనేదాన్ని."

ఆ మాట తనూ ఎన్నిసార్లు అందో ఆర్డిస్‌కి తెలుసు.

"నేల మీదెందుకు?" అంది మాక్సీన్. "కుర్చీ ఉండగా."

చోటు మాత్రం ఖాళీగానే ఉండాలి. అది అక్కడి కట్టు, మాక్సీన్ కూడా తప్పించలేదు. ఆర్డిస్ వాళ్ళ బండిని చేలా బట్టలుతికే గది వెనక పెట్టించింది. చెట్టు లేదు, నీడ లేదు. పొద్దుటి నుంచి ఉతికే మిషన్ల రొద. తన మొగుడి కోసం దేశమంతా దిగి వచ్చి పిట్టలున్న చోటు పట్టిన మనిషికి, పిట్ట కూత వినబడని మూల దక్కింది.

రోజూ తెల్లవారుతుండగా హార్లన్ చెయ్యి పట్టుకుని అన్ని వరసల ముందు నుంచీ నడిపించుకుపోయి, లీలండ్ కుర్చీలో కూర్చోబెట్టి, గిరుక్కున తిరిగొచ్చేసేది. మాక్సీన్ పిట్టల కోసం మేకుకి నారింజ బద్ద గుచ్చేది. "ఇప్పుడు వాలింది" అనేవాడు హార్లన్. "ఏదీ?" అని అడిగేది మాక్సీన్. ఆ మాటలు ఆర్డిస్‌కి వీపు వెనక వినబడేవి, మిషన్ల మోత అందుకునేదాకా.

డిసెంబరులో చలిగాలి వీచిన ఓ పొద్దున, ఆయనకి కంబళి మరిచిపోయానని వెనక్కి వెళ్ళింది. చంకలో తన మడతకుర్చీ కూడా ఉంది. కంబళి కప్పింది. కుర్చీ విప్పింది, దిమ్మ మీద కాదు, దిమ్మ అంచు దాటాక గడ్డిలో.

మాక్సీన్ చూసి కూడా ఇటు రమ్మనలేదు.

"ఏం కూస్తోందయ్యా?" అని అక్కణ్ణించే అడిగింది ఆర్డిస్.

హార్లన్ చెప్పాడు. ఆమె చేతిలోని కాఫీ చల్లారిపోయింది.