నత్తలు మిగిల్చిన ఆకులు

సుందర్‌రాజ్ గారికి ఉన్న జబ్బు ఒక్కటే. దేనికైనా సరే, దేవుడికి స్తోత్రం చెప్పనిదే ఊరుకోరు. బస్సు దొరికితే స్తోత్రం. తప్పిపోతే, నడవడానికి కాళ్లున్నాయని స్తోత్రం. ఇంటివరకే అయితే భార్య రోజమ్మ ఎలాగో భరించేది. కానీ ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ తెలుగు ప్రార్థన కూడికలో, ఆదివారం సాక్ష్యాల వేళ, దేవుడు చేసిన మేళ్లుగా వీసా వచ్చిందనీ ఇల్లు కొన్నామనీ జనం లేచి చెబుతుంటే, ఈయన లేచి తన ప్రిమ్‌రోజ్ మొక్క సంగతి చెప్పేవారు.

అది ఈ దేశపు అడవి మొక్క. గట్ల మీద దానంతటదే పూస్తుంది, ఏటేటా అదే మొదలు మళ్లీ చిగురిస్తుంది. 2015 సెప్టెంబరులో దాని చిన్న మొలకను తెచ్చి పెరట్లో హేజెల్ చెట్టు కింద, పొద్దున ఎండా మధ్యాహ్నం నీడా పడేచోట నాటారు. అందరి పెరళ్లలో గోంగూర ఉంటే తమకు కూరకి పనికిరాని మొక్క ఏమిటని రోజమ్మ గొడవ. ఆయన మాత్రం రాలిన ఆకులు కుళ్లబెట్టి ఎరువేసి, మట్టి ఆరిందేమోనని రోజుకు మూడుసార్లు వేలు పెట్టి చూసేవారు.

"ప్రియులారా, ఈ వారం మూడో ఆకు వచ్చింది" అన్నారు ఒక ఆదివారం. ఇంకో వారం రెండాకులు నత్తలు తినేశాయట. మిగిల్చిన వాటిని బట్టి స్తోత్రం చెప్పారు. వెనక కుర్చీల్లో నవ్వులు. రోజమ్మ బైబిల్లో తల దూర్చేసింది.

ఆ నవ్వుల్లో కలవనిది పుష్పలీల ఒక్కతే. ఇండియాలో నర్సు, ఇక్కడ కేర్ హోమ్‌లో ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే కేరర్. ఇంగ్లిష్ పరీక్షలో రైటింగ్‌కి తొమ్మిదికి ఏడు వస్తేగానీ ఇక్కడ నర్సుగా చేయడానికి లేదు. మూడుసార్లు రాసింది, రాలేదు. సాక్ష్యాలు మొదలవగానే గిన్నెలు తోమడానికి కిచెన్‌లోకి వెళ్లిపోయేది. ఎంత పనిమంతురాలో అని రోజమ్మ మురిసిపోయేది.

మార్చి వచ్చేసరికి రోజమ్మకి ఓపిక అయిపోయింది. ఇంకోసారి మొక్క మాటెత్తితే కూడికకే రానంది.

"పుష్పలీల నాలుగోసారి రాసింది గదా. రిజల్ట్ వచ్చేదాకా చెప్పనీ" అన్నారాయన.

"ఆమె పరీక్షకీ మీ మొక్కకీ ఏం సంబంధమండీ?"

"పెద్ద పెద్ద మేళ్లు వినలేకే గదా ఆ పిల్ల కిచెన్‌లో దాక్కునేది. చిన్న వాటిక్కూడా లేచి నిలబడొచ్చని ఎవరో ఒకరు చూపియ్యాల. నవ్వితే నన్ను చూసి నవ్వుతార్లే."

రోజమ్మకి అప్పుడు వెలిగింది. ఆర్నెల్లుగా తను గిన్నెల మెరుపు చూసిందే గానీ పిల్ల మొహం చూడలేదు.

ఆ ఆదివారం ఆయన లేచి, మొగ్గ వేసింది, ఇంకా విచ్చలేదు, అయినా స్తోత్రం అని కూర్చున్నారు. కిచెన్ గుమ్మంలో పుష్పలీల తడిచేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"నాకు ఈసారీ ఏడు రాలేదండి" అంది. "కానీ ఆరు నుంచి ఆరున్నరకి వచ్చాను. ఆ అరకి స్తోత్రం."

ఎవరూ నవ్వలేదు. అందరికంటే ముందు ఆమేన్ అన్నది రోజమ్మే. ఇంకెవరైనా ఉన్నారా అని పాస్టర్ గారు అడిగేలోపే లేచి నిలబడింది కూడా.

"ఇట్టాంటి మనిషిని నాకిచ్చినందుకు స్తోత్రం" అని చటుక్కున కూర్చుంది.

దానికీ స్తోత్రం చెప్పాలని సుందర్‌రాజ్ గారు లేవబోయారు. రోజమ్మ ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టి, మళ్లీ వదల్లేదు.