భుజం దాకా

తొంభై ఆరులో దుర్గ్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఒక పెద్దాయన నా హాకీ స్టిక్ చూసి మాట కలిపాడు. భిలాయిలో చాలాకాలం ఆడపిల్లల జట్లకు సెలెక్టరుగా ఉన్నాడట.

"ఏ పిల్ల పైకొస్తాదో ఎలా తెలుస్తాదండీ?" అని అడిగాను.

"ఆట తరవాత సంగతమ్మా. ముందు తల్లిని చూస్తాను. సెక్టర్ సిక్స్ గుంట ఒకర్తి బాగానే ఆడింది. తల్లి నా భుజం దాకా కూడా లేదు. ఇదింకేటి ఎదుగుతాదని పంపించేసేను."

ఆ రోజు ట్రయల్స్‌కి నన్ను తీసుకెళ్లిన మా అమ్మ, ఇంటికొచ్చేదాకా తల ఎత్తలేదు.

లేచి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"ఆ గుంట నేనే. స్టేట్ టీముకి ఆడతన్నాను. లెగండి సార్, ఎవరు ఎవరి భుజం దాకా వస్తారో చూద్దాం."

ఆయన రైలు వచ్చింది, వెళ్లిపోయింది. ఆయన లేవలేదు. నేనూ కూర్చోలేదు.